పట్టణపు అంచున పొదల అడవి

(హైదరాబాదు సందర్శనమునకు వచ్చిన గ్రామ పంచాయతీ సభ్యుల నుద్దేశించి ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమున చేసిన ప్రసంగ పాఠము)

ఈ ఉదయము మీరు ఆర్ట్స్ కళాశాల భవనమును చూచితిరి. గులాబీ వన్నె రాతితో కట్టిన ఆ మహాభవనము ముందు నిలిచి ఫోటోలు తీయించుకొంటిరి. అది చూడదగినదే. 1918లో స్థాపింపబడిన ఈ విశ్వవిద్యాలయము తొలుత నగరములోని ఇతర భవనములలో నడచినది. తరువాత ఈ ఎత్తైన రాతినేలను ఎన్నుకొనిరి. ఇంజనీర్లను దేశదేశములకు పంపి విద్యాలయ భవనములను చూచి రమ్మనిరి. 1939 డిసెంబరు 4న ఆర్ట్స్ కళాశాల భవనము ప్రారంభమైనది. ఆ చరిత్రను మీకు వివరించుటకు ఇచట పెద్దలు చాలమంది కలరు.

నేను మాత్రము మిమ్ములను భవనముల వెనుకకు, ఈ గుండ్ల నడుమకు, ఈ కంపల దగ్గరకు తీసికొని వచ్చితిని. వచ్చుచుండగా మీలో ఒకరు, "ఇక్కడ చూచుటకు ఏమున్నది సార్? మా ఊరి కంచ గూడ ఇట్లే ఉన్నది గదా!" అని అడిగిరి. మీ ఊరి కంచ వంటిది కనుకనే దీనిని చూపదలచితిని. ఊరిలో నున్నప్పుడు దానిని మనము చూడము. ఎన్నో పెద్ద భవనముల నడుమ చిక్కి మిగిలిన తునకను చూచినప్పుడైనా అది ఏమిటో ఆలోచించుదుమేమో యని నా ఆశ.

ఈ నేల కథ

మీరిప్పుడు కూర్చున్న ఈ బండ సామాన్యమైనది కాదు. హైదరాబాదు చుట్టునున్న గ్రానైటు శిలల వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములని భూగర్భ శాస్త్రజ్ఞులు చెప్పుదురు. భూమి లోతున కరిగియున్న పదార్థము చల్లారి గడ్డకట్టి, పైనున్న మన్ను కోట్ల యేండ్లలో కొట్టుకొనిపోగా, ఈ గుండ్లు బయటపడినవి. గుండుమీద గుండు ఎవరో పేర్చినట్లు నిలుచుట దక్కన్ నేల లక్షణము.

ఇచటి అడిక్‌మెట్ ప్రాంతము ఒకప్పుడు మహలఖా బాయి చందా జాగీరు. ఆమె 1768 నుండి 1824 వరకు జీవించిన ఉర్దూ కవయిత్రి. నిజాము కొలువులో గౌరవము పొందిన విదుషి. ఆమె సమాధి మౌలాలి గుట్ట పాదమున నున్నది. ఈ ప్రాంగణమునకు ఆవల నున్న తార్నాక పేరునకు గూడ ఒక కథ కలదు. ఉర్దూలో తార్ అనగా తీగ. నాకా అనగా కాపలా ఠాణా. ఒక మామిడితోట చుట్టు తీగ కంచె వేసి, అచట కావలివారిని నిలిపినందున ఆ చోటునకు తార్నాక యని పేరు వచ్చినదని పెద్దలు చెప్పుదురు. నేడు అచట తీగయు లేదు, తోటయు లేదు. 2017 నవంబరులో ప్రారంభమైన మెట్రో రైలు నాలుగు దారుల కూడలి మీదుగా పోవుచున్నది. కంచె పోయి కంచె పేరు మాత్రము మిగిలినది.

ఇట్టి పేర్లు హైదరాబాదు చుట్టును చాల కలవు. కంచ గచ్చిబౌలి, కంచ ఇమారత్ అను పేర్లు మీరు వినియే యుందురు. మన తెలంగాణములో పశువుల మేతకై కాపాడిన నేలను కంచ యనుట మీకు తెలిసినదే. దున్నక, నరకక, ఏటేట గడ్డి పెరుగనిచ్చి, వంతులవారీగా మేపుకొనెడి నేల అది. ఊరికి చెరువు ఎట్టిదో కంచయు అట్టిదే.

నాటినవి, నాటనివి

ఈ ప్రాంగణములో రెండు విధములైన పచ్చదనము కలదు. రెంటికిని గల భేదమును మొదట గ్రహించవలెను.

రోడ్ల వెంబడి గొడుగు పట్టినట్లున్న పెద్ద మాకులు నిద్రగన్నేరులు. వానికి జన్మస్థానము అమెరికా ఖండపు ఉష్ణప్రాంతము. వేసవిలో ఎర్రగా పూయు తురాయి మడగాస్కరు ద్వీపమునుండి వచ్చినది. ఇవి మనుష్యులు నాటి, నీరు పోసి పెంచినవి. వాని నీడ చల్లనిది. ప్రతి ఉదయము వేలాదిమంది ఆ నీడలో నడచుచున్నారు. వానిని నేను తక్కువ చేయను.

కాని ఈ గుండ్ల సందులలో నున్నవానిని చూడుడు. ఇది బలుసు. అది పరికి కంప. ఆ ప్రక్కది రేగు. బండను పట్టుకొని ప్రాకినది నల్లేరు. దూరమున నిలువుగా నున్నది చండ్ర. తంగేడు, మోదుగ, ఊడుగ, వెలగ, ఈత, జమ్మి మొదలగునవి మన పొదల నేలలకు సహజమైన జాతి. వీనిని ఎవరును నాటలేదు. ఎవరును నీరు పోయలేదు. పిట్ట పండు తిని గింజను రాతి నెరియలో వదలును. ఆ నెరియలో గాలికి చేరిన చారెడు మన్నే దానికి పొలము. మేక నోటికి అందకుండ రేగుకంప తన ముండ్లతో కాచిన చోట వేపమొలక లేచును. వేప పెద్దదైన పిదప దానిమీద పిట్టలు వాలి మరికొన్ని గింజలను తెచ్చును. ఈ విధముగా ఒక మొక్క మరియొక మొక్కకు దారి చేయును.

ఇచట నున్నదంతయు ప్రాచీనమని నేననుట లేదు. వేయి ఎకరములకు మించిన ఈ ప్రాంగణములో ఒకప్పుడు తోటలుండెను, తరువాత భవనములు లేచినవి, రోడ్లు పడినవి. మనము అడవి పండుగా ఎంచు సీతాఫలము గూడ అమెరికానుండి వచ్చి మన గుట్టలలో స్థిరపడినదే. ఐనను, నాగలి సోకని రాతినేలమీద తానుగా పెరిగి, తానుగా ఎండి, తానుగా చిగిర్చు పొదల అడవి తునకలు ఇచట ఇంకను కలవు. తెల్లవారుజామున నెమళ్ళ కేకలు వినబడును. ముంగిస బాట దాటును. జెముడుకాకి పొదలో దాగి గంభీరముగా కూయును. నిద్రగన్నేరుల నీడ ఒక్కటే వానికి చాలదు. వానికి ఈ కంపయే కావలెను.

వయస్సు వేళ్ళలో నున్నది

"అడవి యనగా ఆకాశము నంటు చెట్లుండవలెను గదా! నడుమెత్తు పొదలను అడవి యనవచ్చునా?" యని మీరడుగవచ్చును. ఇది న్యాయమైన ప్రశ్న.

మోదుగ చెట్టును చూడుడు. మనము దానిని విస్తళ్ళకు, వంటచెరకుకు ఎన్నిసార్లు కొట్టితిమో లెక్కలేదు. కొట్టిన ప్రతిసారియు మోడు నుండి మరల చిగుళ్ళు లేచును. మన కంటికి కనబడు కొమ్మకు మూడేండ్ల వయస్సు ఉండవచ్చును. క్రిందనున్న వేరు మన తాతల నాటిది కావచ్చును. రాతినేల చెట్టు ఎత్తుకు పోక లోతుకు పోవును. పైన చూచి వయస్సు కట్టువారు మోసపోవుదురు.

వేసవిలో ఇచటికి వచ్చినచో ఆకొక్కటియు కనబడదు. అంతయు ఎండిపోయినదని తోచును. ఆకు రాల్చుట ఈ చెట్లకు నీటి పొదుపు. తొలకరి జల్లు పడిన పది దినములలో ఇదే నేల పచ్చబడును. కొత్త అధికారి ఏప్రిల్ మాసమున వచ్చి చూచి, "ఇది నిరుపయోగమైన భూమి" యని వ్రాసికొని పోయినచో, ఆ మాట కాగితముమీద ఏండ్లతరబడి నిలిచిపోవును. గైరాను, బంజరు, పోరంబోకు, ఖారిజ్ ఖాతా అను మాటలు మీ ఊరి రికార్డులలో గలవు. శిస్తు రాని నేలకు అవి పెట్టిన పేర్లు. ఆ నేలమీద జీవమున్నదా లేదా యని ఆ మాటలు చెప్పవు. ఉపగ్రహ చిత్రముల సాయమున దేశమునకంతకు తయారుచేసిన బంజరు భూముల పటములలో గూడ పొదలు గల నేలను బంజరులలో ఒక తరగతిగానే చేర్చిరి.

ఇతర దేశములలో ఏమి చేయుచున్నారో కొంచెము చూతము. ఇంగ్లండులో 1600వ సంవత్సరము నుండి ఎడతెగక అడవిగా నున్న నేలకు ప్రాచీన వనమని పేరు. చెట్టు ఎత్తును బట్టి గాక, ఆ నేల ఎంతకాలముగా అడవిగా నున్నదో దానిని బట్టి ఆ పేరు నిచ్చెదరు. పాత పటములు తీసి, ఎకరము రెండెకరముల తునకలను గూడ గుర్తించి జాబితాలు వ్రాసికొనిరి. ఆక్స్‌ఫర్డు పట్టణపు అంచున వైథమ్ అను అడవి కలదు. అది ఆ విశ్వవిద్యాలయమునకే చెందినది. అచట 1947 నుండి నేటివరకు ఒక చిన్న పిట్ట జాతిని ఏటేట లెక్కించుచున్నారు. ఏ చెట్టున ఏ పిట్ట ఏనాడు గ్రుడ్డు పెట్టినదో వ్రాసియుంచిరి. వసంతము క్రమముగా ముందునకు జరుగుచున్నదని, పిట్టలు గూడ ముందుగా గ్రుడ్లు పెట్టుచున్నవని ఆ లెక్కలవలన తెలిసినది. పట్టణపు అంచున నున్న పాత అడవిని ముట్టక యుంచినందుననే ఆ జ్ఞానము లభించినది.

నీరు, పండు, మేత

ఈ ప్రాంగణము చుట్టును గొప్ప పరిశోధనాలయములు కలవు. తార్నాక నుండి ఉప్పల్‌కు పోవు దారిలో 1961లో స్థాపింపబడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ యున్నది. భూగర్భ జలమును గూర్చి ఆ సంస్థ శాస్త్రజ్ఞులు విస్తారముగా పరిశోధించిరి. మన ప్రాంతమున నీరు భూమిలో ఎచట నిలుచునో చెప్పెదను, వినుడు. గట్టి గ్రానైటు నీటిని త్రాగదు. దానిపైనున్న చివికిన మొరములో, రాతి పగుళ్ళలో మాత్రమే నీరు నిలుచును. పొదల వేళ్ళు ఆ పగుళ్ళలో దిగి నీటికి దారి చూపును. రాలిన ఆకు, పెరిగిన గడ్డి వాన వడిని తగ్గించును. గుట్టను బోడి చేసినచో ఆ నీరు మన్నుతో గూడ వాగులోనికి ఉరుకును. మొదట చెరువు పూడును. ఆ వెనుక బావి ఎండును. ఎగువన కంచ పోయిన ఊళ్ళలో దిగువ బావుల గతి ఏమైనదో మీకు తెలియనిది కాదు.

తార్నాక వైపుననే జాతీయ పోషకాహార సంస్థ కలదు. అదియు ఈ విశ్వవిద్యాలయము వలెనే 1918లో ఆరంభమైనది. తొలుత కూనూరులో నుండి 1958లో హైదరాబాదునకు వచ్చినది. మనము తిను పదార్థములలో ఏ పోషకము ఎంత కలదో లెక్కకట్టి 2017లో ఆ సంస్థ ప్రకటించిన పట్టికలలో యాపిల్, ద్రాక్షల సరసన సీతాఫలము, రేగు, వెలగలకు గూడ స్థానము కలదు. కంచలో పిల్లలు కోసికొని తిను పండ్లకు ధర లేదు గనుక వానిని మనము ఆహారమని ఎంచుట లేదు.

ఇక మేత సంగతి గొల్ల సోదరులకు నేను చెప్పవలసినది లేదు. ఔషధముల మాట మన అమ్మమ్మలకు తెలియును. ఇంకొకటి మాత్రము జ్ఞాపకము చేయుదును. తెలంగాణ రాష్ట్రము ఏర్పడిన 2014లో ప్రభుత్వము తంగేడును రాష్ట్ర పుష్పముగా, జమ్మిని రాష్ట్ర వృక్షముగా, పాలపిట్టను రాష్ట్ర పక్షిగా ప్రకటించినది. ఈ మూడును పొదల నేలకు చెందినవే. బతుకమ్మకు తంగేడు కోసెడివారము ఎచటికి పోవుదుము? దసరానాడు జమ్మి ఆకును బంగారమని పంచుకొనుటకు, పాలపిట్టను చూచుటకు ఊరి బయటి ఏ నేలకు పోవుదుము? సంవత్సరమున రెండు పండుగలకు పూజించెడి నేలను తక్కిన దినములలో బీడు అనుచున్నాము.

నేను చేసిన పొరపాటు

మీకు బోధించుటకు ముందు నా తప్పును నేను ఒప్పుకొనవలెను. సుమారు ఇరువది యేండ్ల క్రిందట, ఉద్యోగములో చేరిన కొత్తలో, ఒక గ్రామమునకు పంపబడితిని. ఆ ఊరి కంచను యంత్రముతో చదును చేసి వరుసలుగా నీలగిరి మొక్కలను నాటిరి. నేను పోవునప్పటికి మొక్కలు మోకాలెత్తు పెరిగినవి. వరుసలు తీర్చి యున్నందున ఫోటోలో చక్కగా కనబడినవి. "బీడు నందనవనమైనది" యని శీర్షిక పెట్టి వ్యాసము వ్రాసితిని.

అచట ఒక గొల్ల పెద్దమనిషి గొంగడి భుజమున వేసికొని నిలుచుండెను. వ్యాసమునకు ఆయన మాటయు నుండిన బాగుండునని, "తాతా, మీ ఊరి బీడు ఇట్లు పచ్చబడినది గదా, సంతోషమేనా?" యని అడిగితిని. ఆయన నన్ను ఎగాదిగా చూచి, "బీడెక్కడిది సారూ? మా గొర్లు దీంట్లనే గదా బతికినయి" యనెను. ఆ మాటను నేను వ్యాసములో వ్రాయలేదు. ఆయనకు అభివృద్ధి అర్థము కాలేదని అనుకొంటిని.

ఎనిమిదేండ్లకు మరియొక పనిమీద ఆ ఊరికి పోతిని. మొదటి కోత అయినది. డబ్బు కొంత వచ్చినది, ఖర్చయినది. నీలగిరుల క్రింద గడ్డి పలుచబడినది; ఆ ఆకును గొఱ్ఱె ముట్టదు. సాయంకాలము కౌజుపిట్టల కూత వినబడలేదు. ఆ పెద్దమనిషిని గూర్చి అడిగితిని. ఆయన గతించెనని, కొడుకులు మంద అమ్మి నగరమున కాపలా ఉద్యోగములకు పోయిరని చెప్పిరి. మంద అమ్ముటకు ఇతర కారణములును ఉండవచ్చును. కాని ఆయన చెప్పిన ఒక్క వాక్యము నా వ్యాసములోని వాక్యములన్నింటికంటె సత్యమైనది. దానిని నాడు అచ్చు వేయించని లోటును తీర్చుకొనుటకే నేడు మీ ముందు నిలిచి చెప్పుచున్నాను.

నగరము చుట్టు మిగిలినవి

హైదరాబాదు తన అంచులనున్న పొదల అడవులను కొన్నింటిని నిలుపుకొన్నది. విజయవాడ రహదారిపై వనస్థలిపురము చెంత నున్న మహావీర్ హరిణ వనస్థలి నిజాము కాలమున వేటభూమి. మహావీరుని 2500వ నిర్వాణ సంవత్సరమును పురస్కరించుకొని 1975లో దానికి ఆ పేరు పెట్టిరి. దాని విస్తీర్ణము 14.59 చదరపు కిలోమీటర్లు. అచటి కృష్ణజింకలకు దట్టమైన అడవి పనికిరాదు. అవి పరుగును నమ్ముకొన్న జంతువులు. శత్రువు దూరమునుండియే కనబడవలెను. కావున గడ్డి మైదానము, అచ్చటచ్చట పొదలు నుండవలెను. ఆ మైదానమును నిండుగా చెట్లతో నింపినచో జింకకు ఇల్లు లేకుండ చేసినవారమగుదుము. చిలుకూరు దారిలో మృగవని 1994లోను, జూబిలీ హిల్స్‌లో కాసు బ్రహ్మానందరెడ్డి ఉద్యానము 1998లోను జాతీయ ఉద్యానములైనవి. రెండవది నాలుగువందల ఎకరములకు లోపలిదే. ఐనను మేడల నడుమ నెమలి మిగిలియున్నదన్నచో అది దాని పుణ్యమే.

అన్ని తునకలకును అట్టి భాగ్యము పట్టలేదు. 2025 మార్చి నెలాఖరున హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయము చెంత, కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరముల భూమిలో యంత్రములతో చెట్లను తొలగించు పని సాగినది. విద్యార్థులు ఆందోళన చేసిరి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆ పనిని నిలిపివేయవలెనని ఆజ్ఞాపించినది. ఆ భూమిపై హక్కెవరిదను వివాదములోనికి నేను పోను. అది న్యాయస్థానముల పని. కాని అది అడవియా, ఖాళీ భూమియా యను ప్రశ్న దేశమంతటను చర్చకు వచ్చినది. మన కంచను గూర్చి అంత పెద్ద న్యాయస్థానము విచారించవలసి వచ్చుటకు ముందే మనము విచారించుకొనియుండవలసినది.

మీరు కూర్చున్న ఈ ఉస్మానియా తునకకు అభయారణ్యమను చట్టపు రక్షణ లేదు. విశ్వవిద్యాలయపు భూమియగుటయే దీనికి నేటివరకు కంచె. ఒకవైపున లాంటానా పొద అల్లుకొని దేశవాళీ మొలకలను ఊపిరాడనీయకున్నది. వయ్యారిభామ, సర్కారుతుమ్మ ఎచట సందు దొరికిన అచట జొరబడును. వేసవిలో ఎవరో పారవేసిన బీడీ ముక్కకు ఎండుగడ్డి అంటుకొనును. ఒక పూట మంటలో పదేండ్ల మొలకలు మాడిపోవును. చెత్త తెచ్చి పోయువారును, గోడ జరుపువారును ఎచటనైనను ఉందురు.

మీ ఊరిలో చేయదగినవి

ఇక మీరు తిరిగి పోయి చేయగలిగిన పనులను చెప్పి ముగించెదను. ఇవి పెద్ద నిధులు కోరునవి కావు.

మొదటిది: 2002 జీవవైవిధ్య చట్టము ప్రకారము ప్రతి స్థానిక సంస్థయు జీవవైవిధ్య యాజమాన్య కమిటీని ఏర్పరచవలెను. ఊరిలోని మొక్కలు, జంతువులు, వానిని గూర్చి ప్రజలకు గల జ్ఞానము ఒక రిజిస్టరులో వ్రాసియుంచవలెను. కొన్ని ఊళ్ళలో ఆ రిజిస్టరు బీరువాలో నుండును. లోపల పుటలు తెల్లగా నుండును. మీరు దానిని బయటకు తీయుడు. కంచకు పోవునప్పుడు పశువుల కాపరిని, మందులెరిగిన అవ్వను, బడి పిల్లలను వెంట తీసికొని పొండు. పేర్లు వారు చెప్పుదురు, మీరు వ్రాయుడు. పేరు వ్రాసిన నేలను ఖాళీయని చెప్పుట అంత సులభము కాదు.

రెండవది: మొక్కలు నాటు కార్యక్రమములను ఉత్సాహముతో చేయుడు. 2015లో ఆరంభమైన హరితహారమువలనను, ఊరూర వెలసిన పల్లె ప్రకృతి వనములవలనను నాటుట మనకు అలవాటైనది. అది మంచిదే. కాని నాటుటకు చోటు వెదకునప్పుడు పొదలున్న కంచను చదును చేయకుడు. నిజముగా బోడియైన గట్టు, రోడ్డు ప్రక్క, బడి ఆవరణ, చెరువు కట్ట దిగువ మొదలగునవి చాల కలవు. ఉన్న అడవిని తీసి లేని అడవిని నాటుట తెలివి కాదు. వరుసగా నాటిన మొక్కలు ఫోటోలో బాగుగా కనబడునని నా అనుభవము చెప్పియే యున్నాను.

మూడవది: కంచను భాగములు చేసి వంతులవారీగా మేపుడు. ఒక భాగమునకు రెండు వానకాలములు విశ్రాంతి నిచ్చినచో మోళ్ళు తామే చిగిర్చును. వేసవికి ముందు చుట్టును గడ్డి కోసి మంట దాటకుండ బాట తీయుడు. లాంటానాను వేరుతో పెరికినచోట మరుసటి యేడు మరల చూడవలెను. ఒక్కసారితో అది పోదు.

నాలుగవది: కంచలో దొరకు చుక్కల తాబేలును, చిలుకను, కౌజును అమ్మువారిని ప్రోత్సహింపకుడు. తాబేలును ఇంట పెట్టుకొన్న ధనము వచ్చునని చెప్పువారు మోసగాండ్రు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అది శిక్షార్హమైన నేరము.

ఐదవది: ఊరి ఉమ్మడి భూమి ఆక్రమణకు గురియైనచో ఊరుకొనకుడు. గ్రామ ఉమ్మడి భూములను ఆక్రమణలనుండి విడిపించి ఊరికి తిరిగి అప్పగించవలెనని 2011 జనవరిలో సుప్రీంకోర్టు రాష్ట్ర ప్రభుత్వములను ఆదేశించియున్నది. మీ కంచ విశేషమైనదని మీకు తోచినచో, జీవవైవిధ్య వారసత్వ ప్రదేశముగా ప్రకటించుమని గ్రామసభ తీర్మానముతో కోరవచ్చును. సంగారెడ్డి జిల్లాలోని అమీన్‌పూర్ చెరువును 2016లో ఆ విధముగా ప్రకటించిరి. చుట్టును ఇండ్లు లేచిన చెరువునకే అది సాధ్యమైనప్పుడు ఊరి కంచకు ఏల కాకూడదు?

సోదర సోదరీమణులారా! కొద్దిసేపటిలో మీ బస్సు బయలుదేరును. తార్నాక కూడలిలో ఆగినప్పుడు ఒకసారి చుట్టును చూడుడు. ఒకప్పుడు అచట కాపాడిన తోట ఏదియో, కావలివారు ఎచట నిలిచిరో, నేడు చూపగలవారు లేరు. మీ కంచ ఎచట మొదలై ఎచట ముగియునో చూపగల వృద్ధులు మీ ఊరిలో ఇంకను ఉన్నారు. ఈ వానకాలము గడువకముందే వారిని వెంట తీసికొని హద్దుల చుట్టు ఒకసారి నడచి రండు. దారిలో తంగేడు పూసియున్నచో అచట ఆగి, రిజిస్టరులో మొదటి పేరుగా దానిని వ్రాయుడు.